కేరీ దొరసాని డొరొతి

విలియం కేరీ దొరగారిని ఎరుగని సంఘము లేదు. విశాఖపట్టణములో తర్జుమా అయిన తెలుగు సువార్తలు 1812లో అచ్చయినది ఆయన శ్రీరాంపూరు ముద్రణశాలలోనే. ఆయన భార్య డొరొతిని తలంచువారు కొద్దిమంది.

ఆమె 1756లో ఇంగ్లండులో పుట్టిన పల్లెటూరి బిడ్డ. 1781లో వివాహమాయెను. ఇండియాకు రానని ఆమె మొదట గట్టిగా చెప్పెను. తోటి మిషనెరీ థామసుగారు నొక్కి చెప్పగా, చెల్లెలిని తోడు తీసికొని, చంటిబిడ్డతో 1793లో ఓడ యెక్కెను. మరుసటి యేటనే అయిదేండ్ల పేతురు బెంగాలులో చనిపోయెను. తల్లి మనస్సు చెదరెను. భర్తపై లేనిపోని అనుమానములు పెంచుకొనెను. ఆయనకు ప్రాణభయము కూడ కలిగెను.

ఆసుపత్రికి పంపుమని మిత్రులు చెప్పినను కేరీగారు పంపలేదు. ఇంటనే గదిలో ఉంచి తాళము వేసిరి. ప్రక్కగదిలో బైబిలు తర్జుమా సాగుచుండెను. ఇది దయయా, బంధకమా? రెండును అని మాకు తోచుచున్నది. ఆ కాలములో ఈ వ్యాధికి మందు లేదు. రానన్న నాటివలెనే తరువాతను ఆమె మాట చెల్లలేదు. 1807 డిసెంబరు 8న కన్నుమూసెను.

సేన పట్టినవానిని ఊరివారు గొలుసులతో కట్టిరి. ప్రభువు వానితో మాటలాడెను (మార్కు 5).

అరసవల్లి ప్రాంతపు మన కుటుంబములు రోగిని విశాఖపట్నము మానసిక వైద్యశాలకు తీసికొనిపోవునప్పుడు 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును ఎరిగియుండవలెను. గొలుసు వేయుట నిషిద్ధము. మంచిచెడ్డలు గ్రహింపగల రోగి వద్దన్న వైద్యము చేయరాదు. గ్రహింపలేనివారిని ఇద్దరు నిపుణులు పరీక్షించి, మొదట 30 దినముల వరకే చేర్చుకొందురు. ఏ వైద్యము కావలెనో, ఏది వద్దో మనస్సు నిమ్మళముగా నున్నప్పుడే కాగితముపై వ్రాసి యుంచుకొనవచ్చును.