విడిపోయిన కుటుంబాన్ని కలిపేది అల్లాహ్‌యే
హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితం

 

సీలేరులో మాకు తెలిసిన ఒక సోదరి ఉన్నారు. ఆమె భర్త గల్ఫ్‌లో పని చేస్తున్నారు. భార్యాబిడ్డలను తన వద్దకు పిలిపించుకోవాలని ఆయన చేస్తున్న ప్రయత్నం ఏళ్ల తరబడి సాగుతోంది. ఒక కాగితం సిద్ధమయ్యేసరికి మరో కాగితం గడువు తీరిపోతుంది. పాస్‌పోర్టు పని మీద విశాఖపట్నం వెళ్లాలంటే ధారకొండ, గూడెం కొత్తవీధి, చింతపల్లి మీదుగా ఘాట్ రోడ్డు దిగి నర్సీపట్నం చేరుకుని, అక్కడి నుంచి మళ్లీ బస్సెక్కాలి. వాళ్ల పిల్లవాడికి నాన్న అంటే ఫోనులో వినిపించే గొంతే.

అల్లాహ్ మీద నమ్మకం ఉంచినా తనకు కన్నీళ్లు ఆగడం లేదనీ, ఇది తన విశ్వాసంలో లోపమేమోననీ ఆ సోదరి ఒకనాడు బాధపడ్డారు.

ఈ బాధ ఆమె ఒక్కరిది కాదు. కరోనా కారణంగా 2020 మార్చిలో మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపివేసినప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు సముద్రానికి చెరోవైపు ఉండిపోయాయి. మన కడప, గోదావరి జిల్లాల వారు ఎక్కువగా వెళ్లే కువైట్‌లో 2022లో కుటుంబ వీసాలు నిలిపివేశారు. 2024 జనవరిలో మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టినా నెలకు కనీసం 800 దీనార్ల జీతం ఉండాలన్న షరతు పెట్టారు. తర్వాత నియమాలు మారవచ్చు, మారాయి కూడా. కానీ ఎదురుచూసిన ఇల్లాలికి ఆ రోజులు తిరిగిరావు కదా!

ఇలాంటి ఎడబాటును మన కంటే ఎంతో ముందు, మన కంటే ఎంతో తీవ్రంగా అనుభవించిన మహిళ ఒకరున్నారు. ఆమే విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె సలమా (రజియల్లాహు అన్హా). ఆ సోదరి ప్రశ్నకు ఆమె జీవితమే సమాధానం.

దారిబత్తెం కూతురు

ఆమె అసలు పేరు హింద్. తండ్రి అబూ ఉమయ్యా ఖురైష్ తెగలో పేరుమోసిన బనూ మఖ్‌జూమ్ వంశీయుడు. ఆయన వెంట ప్రయాణం చేసేవారు తిండికీ ఖర్చుకూ ఏమీ వెంట తెచ్చుకోనక్కరలేదు. అందరి భారం ఆయనే మోసేవాడు. అందుకే ప్రజలు ఆయనను ప్రయాణికుల దారిబత్తెం అనే అర్థం వచ్చేలా జాదుర్ రాకిబ్ అని పిలిచేవారు. అలాంటి తండ్రి కూతురు ఒకనాడు తోడు లేకుండా, చంటిబిడ్డతో ఎడారి దారి పట్టవలసి వస్తుందని ఎవరు అనుకుంటారు!

ఆమె వివాహం అబ్దుల్లా బిన్ అబ్దుల్ అసద్‌తో జరిగింది. ఆయన దైవప్రవక్త (స) మేనత్త బర్రా కుమారుడు. దైవప్రవక్త (స)తో పాటు ఒకే తల్లి పాలు తాగిన సోదరుడు కూడా. మొదటి రోజుల్లోనే ఇస్లాం స్వీకరించిన కొద్దిమందిలో ఈ దంపతులు ఉన్నారు. కొడుకు సలమా పుట్టిన తర్వాత ఆయనకు అబూ సలమా అనీ, ఆమెకు ఉమ్మె సలమా అనీ పేర్లు స్థిరపడ్డాయి.

పరాయి గడ్డ మీద

మక్కాలో హింస పెరిగినప్పుడు, దైవదౌత్యం లభించిన అయిదో ఏట, అంటే సుమారు క్రీ.శ. 615లో, దైవప్రవక్త (స) అనుమతితో కొందరు విశ్వాసులు సముద్రం దాటి హబషా దేశానికి వలస వెళ్లారు. ఈ దంపతులు వారిలో ఉన్నారు. ఖురైషులు అక్కడ కూడా వారిని వదల్లేదు. విలువైన కానుకలతో దూతలను పంపి, వలస వచ్చిన వారిని తిప్పి పంపేయమని నజాషీ చక్రవర్తిని కోరారు. ఆ రాజు న్యాయశీలి. వలస వచ్చిన వారిని పిలిపించి వారి మాట కూడా విన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) తమ ధర్మమేమిటో వివరించగా విని కంటతడి పెట్టాడు. కానుకలు తిప్పి పంపి, శరణు వచ్చిన వారికి అభయమిచ్చాడు.

ఈ సంఘటన నేడు మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం దాన్ని కళ్లారా చూసి ఉల్లేఖించిన హజ్రత్ ఉమ్మె సలమా (రజి)యే. పరాయి దేశంలో అధికారి ఒక్క మాట మీద తమ బతుకు ఆధారపడి ఉండటమంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు.

ఒకే రోజున మూడు ముక్కలు

తర్వాత వారు మక్కాకు తిరిగి వచ్చారు. పరిస్థితి మారలేదు. మదీనాకు హిజ్రత్ చేసేందుకు అనుమతి లభించగానే అబూ సలమా (రజి) ఒంటెను సిద్ధం చేశారు. భార్యను ఎక్కించి, పసివాడైన సలమాను ఆమె ఒడిలో కూర్చోబెట్టి, ముకుతాడు పట్టుకుని బయల్దేరారు.

ఆమె పుట్టింటి వారైన బనూ ముగీరా వారు అడ్డు వచ్చారు. అతను ఎక్కడికైనా పోవచ్చు గాని తమ ఆడపడుచును ఊరూరా తిప్పనివ్వబోమని ముకుతాడు లాక్కుని ఆమెను ఆపేశారు. ఇది చూసి అత్తింటి వారైన బనూ అబ్దుల్ అసద్ వారికి పౌరుషం వచ్చింది. మా వాడి నుంచి ఆమెను లాక్కున్నప్పుడు మా బిడ్డను ఆమె దగ్గర ఉంచబోమన్నారు. రెండు పక్షాలూ పసివాణ్ణి చెరోవైపు లాగడంతో వాడి చెయ్యి కీలు తప్పింది. చివరికి అత్తింటి వారు బిడ్డను తీసుకుపోయారు. భర్త మదీనా వైపు సాగిపోయారు. తల్లి పుట్టింట బందీ అయింది. ముగ్గురూ మూడు చోట్ల!

సోదరులారా! ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. భర్త దూరదేశంలో ఉన్న స్త్రీని అటు పుట్టింటి వారు, ఇటు అత్తింటి వారు లాగడం మన ఇళ్లలో నేటికీ ఉంది. ఆయన పంపే డబ్బు ఎవరి చేతికి రావాలి, పిల్లలు ఎవరింట ఉండాలి అనే గొడవలు ఎన్ని చూడటం లేదు! నేడు పసివాడి చెయ్యి బెణకకపోవచ్చు. మనసు బెణుకుతుంది.

అబ్‌తహ్‌లో ఏడాది

ఆ తర్వాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ప్రతి ఉదయం మక్కాలోని అబ్‌తహ్ అనే చోటుకు వెళ్లి కూర్చునేవారు. సాయంత్రం వరకు ఏడుస్తూ ఉండేవారు. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు ఏడాది పాటు ఇలాగే గడిచింది.

ఆమె ఈమాన్ బలహీనమైనదని ఎవరైనా అనగలరా? ధర్మం కోసం సముద్రం దాటిన మహిళ ఆమె! ఖురైషుల మతానికి మళ్లీ తల వంచి ఉంటే ఆమె కష్టం ఆ రోజే తీరి ఉండేది. ఆమె ఏడ్చారు గాని తల వంచలేదు. హజ్రత్ యాఖూబ్ (అలై) తన కుమారుడు యూసుఫ్ (అలై) కోసం కళ్లు తెల్లబడేంతగా దుఃఖించారు. అయినా తన వేదనను అల్లాహ్‌కే విన్నవించుకున్నారు, ఆయన కారుణ్యం పట్ల ఆశ వదులుకోలేదు. కాబట్టి కన్నీరు కార్చడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అల్లాహ్ నిర్ణయం మీద ఆగ్రహించడం, ఆశ వదులుకోవడం, హరామ్ దారి తొక్కడం తవక్కుల్‌కు విరుద్ధం.

ఇంకొక సంగతి గమనించండి. ఆమె గది మూల దాక్కుని ఏడవలేదు. నలుగురూ చూసే చోట కూర్చున్నారు. ఒకనాడు బనూ ముగీరా వారిలోనే ఒక బంధువు ఆమె పరిస్థితి చూసి జాలిపడ్డాడు. ఆ అభాగ్యురాలిని భర్త నుంచీ బిడ్డ నుంచీ వేరు చేసి ఎందుకిలా బాధిస్తున్నారని తన వాళ్లను నిలదీశాడు. వాళ్ల మనసు కరిగింది. కావాలంటే భర్త వద్దకు వెళ్లవచ్చని అనుమతించారు. అప్పుడు బనూ అబ్దుల్ అసద్ వారు బిడ్డను తిరిగి ఇచ్చేశారు.

అల్లాహ్ ఆకాశం నుంచి సైన్యాన్ని దింపలేదు. ఒక మనిషి గుండెలో జాలి పుట్టించాడు. అంతే, ఏడాదిగా మూసుకుపోయిన తలుపు ఒక్క రోజులో తెరుచుకుంది.

తన్‌యీమ్ దగ్గర దొరికిన తోడు

అనుమతి రాగానే ఆమె ఒక్క రోజు వృథా చేయలేదు. తోడు దొరికేదాకా ఆగలేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఒంటె ఎక్కారు. మక్కా నుంచి మదీనాకు నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దారి.

మక్కా పొలిమేరలోని తన్‌యీమ్ దగ్గర ఉస్మాన్ బిన్ తల్హా ఎదురయ్యాడు. అప్పటికి ఆయన ముస్లిం కాదు. ఎక్కడికని అడిగి, ఆమె వెంట అల్లాహ్, ఈ పసివాడు తప్ప మరెవరూ లేరని తెలుసుకున్నాడు. ఆమెను అలా ఒంటరిగా వదిలివేయడానికి మనసొప్పక ఒంటె ముకుతాడు పట్టుకుని ముందు నడిచాడు. మజిలీ వచ్చినప్పుడు ఒంటెను కూర్చోబెట్టి దూరంగా జరిగేవాడు. ఆమె దిగాక ఒంటెను తీసుకెళ్లి చెట్టుకు కట్టి, తాను వేరే చెట్టు నీడన పడుకునేవాడు. బయల్దేరే వేళకు ఒంటెను సిద్ధం చేసి, ఆమె ఎక్కి కూర్చునేదాకా దూరంగా నిలబడేవాడు. అలా ఖుబా కనిపించేదాకా నడిచి, ఆమె భర్త ఈ ఊళ్లోనే ఉన్నాడని చెప్పి, వచ్చిన దారినే మక్కాకు తిరిగి వెళ్లిపోయాడు. అంతకంటే ఉదాత్తమైన తోడును తాను చూడలేదని ఆమె తర్వాత చెప్పుకునేవారు. అల్లాహ్ ఆయన మేలును వృథా చేయలేదు. తర్వాతి కాలంలో ఆయన ఇస్లాం స్వీకరించారు. హిజ్రీ 8లో మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) కాబా తాళంచెవిని ఆయనకే అప్పగించారు.

కలిసిన తర్వాత

కుటుంబం కలిసింది. కథ ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ వారు కలిసి ఉన్నది కొన్నేళ్లే. అబూ సలమా (రజి) బద్ర్‌లో పోరాడారు. ఉహుద్‌లో గాయపడ్డారు. మానిందనుకున్న గాయం తిరగబెట్టి హిజ్రీ 4లో మరణించారు. దైవప్రవక్త (స) స్వయంగా ఆయన కళ్లు మూసి దుఆ చేశారు.

ఆపద వచ్చినప్పుడు చేయవలసిన ఒక దుఆను అబూ సలమా (రజి) భార్యకు చెప్పి ఉన్నారు. ఈ కష్టానికి పుణ్యఫలం ప్రసాదించమనీ, పోయినదాని కంటే మేలైనదాన్ని ఇవ్వమనీ అల్లాహ్‌ను వేడుకునే దుఆ అది. ఆమె ఆ దుఆ చేశారు. కానీ అబూ సలమా కంటే మేలైన వారు ఎవరుంటారా అని ఆమె మనసులో మెదిలింది. అయినా దుఆ మానలేదు. గడువు ముగిసిన తర్వాత దైవప్రవక్త (స) నుంచే వివాహ సందేశం వచ్చింది. వయసు మీరిందనీ, పిల్లలున్నారనీ, తనకు రోషం ఎక్కువనీ ఆమె దాచకుండా చెప్పుకున్నారు. ఆయన (స) ఆ పిల్లల బాధ్యత స్వీకరించారు. నాడు రెండు వంశాలు లాగి చెయ్యి కీలు తప్పించిన ఆ సలమా దైవప్రవక్త (స) నీడలో పెరిగాడు. పెద్దవాడయ్యాక హజ్రత్ హంజా (రజి) కుమార్తెతో దైవప్రవక్త (స) అతని వివాహం జరిపించారని చరిత్రకారులు రాశారు.

హిజ్రీ 6లో ఉమ్రా కోసం వెళ్లిన ముస్లింలను ఖురైషులు హుదైబియా దగ్గర ఆపివేశారు. మరుసటి ఏడు రావాలన్న ఒప్పందం కుదిరింది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్లాలంటే సహాబాకు కాళ్లు కదల్లేదు. దైవప్రవక్త (స) ఆదేశించినా ఎవరూ లేవలేదు. అప్పుడు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఆయనకు ఒక సలహా ఇచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి తమ ఖుర్బానీ తాము చేసి శిరోముండనం చేయించుకోమన్నారు. ఆయన (స) అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు. ఏడాది పాటు వేచి ఉండటమంటే ఏమిటో తెలిసిన మహిళ ఇచ్చిన సలహా అది. తలుపు మూసి ఉన్నప్పుడు కూడా ఆ రోజు చేయగలిగిన పని ఒకటి ఉంటుంది, అది చేయాలి.

దైవప్రవక్త (స) సతీమణులలో అందరికంటే చివరగా, సుమారు 84 ఏళ్ల వయసులో ఆమె పరమపదించారు. ఆమె నుంచి 378 హదీసులు ఉల్లేఖించబడ్డాయి. మదీనాలోని జన్నతుల్ బఖీలో ఆమెను ఖననం చేశారు.

మనం చేయవలసింది

ఆ సోదరికి మా విన్నపం ఇది. అమ్మా, ఏడవండి, తప్పు లేదు. కానీ సజ్దాలో ఏడవండి. కాగితాల పని మానకండి. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్ మీద భారం వేయాలని మన ప్రవక్త (స) నేర్పారు. సందర్శక వీసా మీద వెళ్లి పని చేసుకోవచ్చని చెప్పే దళారుల మాట వినకండి. అబద్ధపు కాగితంతో కలిసిన కుటుంబం మళ్లీ విడిపోవడానికి ఎంతో సేపు పట్టదు. అక్కడ చిక్కుల్లో పడితే విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ ద్వారా ఫిర్యాదు చేసుకునే వీలుంది.

దూరదేశాల్లో ఉన్న సోదరులారా! డబ్బు పంపడంతో బాధ్యత తీరిపోదు. భార్యకు మాట, బిడ్డకు లాలన కూడా మీరు చెల్లించవలసిన హక్కులే.

పుట్టింటి వారూ, అత్తింటి వారూ! ఆమెను చెరోవైపు లాగకండి.

ఇక మనందరం. ఆనాడు జాలిపడిన ఆ బంధువు పేరు కూడా చాలామందికి తెలియదు. ఉస్మాన్ బిన్ తల్హా అప్పటికి మన ధర్మం వారు కూడా కాదు. అయినా అల్లాహ్ వారి ద్వారానే ఒక కుటుంబాన్ని కలిపాడు. మన వీధిలో భర్త కోసం ఎదురుచూస్తున్న సోదరి ఉంటే, ఆమె దరఖాస్తు నింపి పెట్టడం, మన ఇంటి ఆడవారిని ఆమెకు తోడుగా పట్నం పంపడం, ఆమె బిడ్డ స్కూలు సంగతి కనుక్కోవడం మన పని. తవక్కుల్ ఆమె చేస్తారు. ముకుతాడు పట్టుకుని నాలుగు అడుగులు నడవవలసింది మనం.

ఎడబాటులో ఉన్న ప్రతి కుటుంబాన్నీ అల్లాహ్ మేలుతో కలుపుగాక! కలిసే వరకు వారికి సహనాన్నీ, మనకు వారిని ఆదుకునే భాగ్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.