అతిశీతల శోధకుడు కామర్లింగ్ ఓన్స్

హైకె కామర్లింగ్ ఓన్స్ 1853 సెప్టెంబరు 21న నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఇటుకల కర్మాగారం నడిపేవాడు. జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ వంటి మహామహుల వద్ద విద్యనభ్యసించిన ఓన్స్, 1882లో లైడెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడయ్యాడు.

లోహపు తీగ వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. అమీర్‌పేటలో జనవరి రాత్రి 14 డిగ్రీల చలిలో ఉన్న రాగి తీగ, మే నెల 44 డిగ్రీల ఎండకు వచ్చేసరికి నిరోధం సుమారు 12 శాతం పెరుగుతుంది. వేడికి లోహంలోని అయాన్లు అధికంగా కంపించి ఎలక్ట్రాన్ల గమనానికి అడ్డుపడటమే ఇందుకు కారణం. మరి పరమశూన్యం దాకా చల్లబరిస్తే ఏమవుతుంది? ఎలక్ట్రాన్లు సైతం స్తంభించి నిరోధం అనంతమవుతుందని కెల్విన్ భావించాడు. క్రమంగా శూన్యమవుతుందని మరికొందరి ఊహ.

ఈ సందేహం తీరాలంటే అంతటి చలిని సృష్టించాలి. అందుకు వాయువులను అధిక పీడనంలో బంధించాలి. 1807లో మందుగుండు పడవ పేలి లైడెన్‌లో ఒక భాగం నేలమట్టమైంది. ఆ శిథిలాల చోటనే వెలసిన ప్రయోగశాలను చూసి పురప్రజలు భయపడ్డారు. ఆ భయాన్ని తప్పుపట్టలేము. ఫలితంగా 1895 నుండి దాదాపు మూడేళ్ళు ఓన్స్ పని నిలిచిపోయింది. ఇంతలో 1898లో లండన్‌లో ద్యూవర్ హైడ్రోజన్‌ను ద్రవీకరించి ముందంజ వేశాడు. ఓన్స్ నిరాశ చెందక, 1901లో పరికరాలు తయారుచేసే యువకులకు శిక్షణాలయాన్ని నెలకొల్పాడు. 1908 జూలై 10న హీలియం ద్రవమైంది. దాని ఉష్ణోగ్రత మైనస్ 269 డిగ్రీలు.

ప్లాటినం, బంగారు తీగల నిరోధం కొంత తగ్గి ఆగిపోయింది. అది లోహంలోని మాలిన్యం వల్లనేమో అని శంకించిన ఓన్స్, స్వేదనంతో శుద్ధి చేయగల పాదరసాన్ని ఎంచుకున్నాడు. సన్నని గాజు గొట్టాలలో గడ్డకట్టిన పాదరసమే ఇక్కడ తీగ. 1911 ఏప్రిల్ 8న దాని నిరోధం కొలతకందకుండా పోయింది. 4.2 కెల్విన్ సమీపంలో అది హఠాత్తుగా మాయమవుతున్నదని తరువాతి కొలతలు తేల్చాయి. తీగలెక్కడో కలిసిపోయాయని మొదట అనుమానించి పదేపదే పరీక్షించారు. అతివాహకత్వం వెలుగుచూసింది ఇలాగే. కొలతలు తీసినవాడు హోల్స్ట్. పరిశోధనపత్రంపై ఉన్నది ఓన్స్ పేరొక్కటే. ఆనాటి ఆచారం అదే అయినా, న్యాయమనిపించదు.

1913లో ఓన్స్‌ను నోబెల్ బహుమతి వరించింది. అతివాహక తీగతో మహాశక్తిమంతమైన అయస్కాంతం చేయాలని ఆశించాడు గాని, అయస్కాంత క్షేత్రం పెరిగితే ఆ గుణమే నశించింది. దశాబ్దాల తరువాత నయోబియం-టైటానియం తీగలు ఆ కొరత తీర్చాయి. పంజగుట్టలోని నిమ్స్ వంటి ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలు ద్రవ హీలియంలో మునిగి పనిచేసేది వాటితోనే. ఓన్స్ 1926 ఫిబ్రవరి 21న లైడెన్‌లో కన్నుమూశాడు.