విజయచిహ్నమును విడిచిన విజేత : సి. టి. స్టడ్

పూర్వకాలమందు గ్రీకులు యుద్ధములో జయము పొందినప్పుడు, శత్రువు వెనుదిరిగి పారిపోయిన స్థలముననే ఒక కొయ్యస్తంభమును నాటి, శత్రువుల శిరస్త్రాణమును, డాలును, కవచమును దానికి తగిలించెడివారు. ఆ స్తంభమునకు త్రోపయోన్ అని పేరు. మరలుట అను అర్థమిచ్చు గ్రీకు మాటనుండి ఆ పేరు పుట్టెను. నేడు ఆటల పోటీలలో గెలిచినవారు పైకెత్తి చూపు ట్రోఫీ అను మాటకు మూలమిదియే. శత్రువు ఎక్కడ మరలెనో జయము అక్కడ కలిగెనని ఆ స్తంభము సాక్ష్యమిచ్చెడిది. దానిని రాతితో గాక కొయ్యతో నిలుపుటలోను, శిథిలమైనప్పుడు బాగుచేయకుండుటలోను ఒక భావమున్నదని ప్రాచీన రచయితలు చెప్పిరి. వైరము శాశ్వతముగా నిలువరాదు గనుక దాని గురుతు కూడ కాలముతో నశించుట మేలని వారి తలంపు.

క్రీడలలోని బహుమానమును అట్టిదే. కొరింథు పట్టణ సమీపమున జరిగిన ఇస్త్మియ క్రీడలలో గెలిచినవానికి ఒక కాలమున పైన్ ఆకులతోను, మరియొక కాలమున సెలెరీ ఆకులతోను అల్లిన కిరీటము లభించెడిది. కొలది దినములలో అది వాడిపోవును. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు, నశించు కిరీటమును నశింపని కిరీటముతో పోల్చినప్పుడు, ఆ పట్టణస్థులు కన్నులార చూచినదానినే వారికి జ్ఞాపకము చేసెను.

ఈ రెండు కిరీటములలో ఏది కోరవలెనను ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దమున ఒక యౌవనస్థుని ఎదుట నిలిచెను. క్రికెట్ లోకమంతయు ఎరిగిన ఒక ట్రోఫీ పుట్టుకలో ఆయనకు పాలుండెను. ఆయనే ఛార్లెస్ థామస్ స్టడ్.

గుర్రపు పందెముల ఇంటిలో

స్టడ్ 1860వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన ఇంగ్లాండు దేశమందలి స్ప్రాటన్ గ్రామమున జన్మించెను. తండ్రి ఎడ్వర్డ్ స్టడ్ మన దేశమందు, బీహారులోని తిర్హుత్ ప్రాంతమున, నీలిమందు తోటలవలన గొప్ప ధనము సంపాదించి స్వదేశమునకు మరలిన వ్యక్తి. ఆయనకు గుర్రపు పందెములే ప్రాణము. 1866లో ఆయన గుర్రమైన శాలమాండర్, గ్రాండ్ నేషనల్ అను ప్రసిద్ధమైన పందెమును గెలిచెను. ఇంగ్లాండులో ఏ పందెగాడైనను ఆశించు ఘనత ఆయనకు దొరికెను.

అట్టి మనుష్యుని ఒక స్నేహితుడు, అమెరికా సువార్తికుడైన డి. ఎల్. మూడీ లండను నగరమున జరిపిన కూటమునకు తోడుకొనిపోయెను. అక్కడ ఎడ్వర్డ్ స్టడ్ మారుమనస్సు పొందెను. ఆయన పందెములను విడిచి, గుర్రములను అమ్మివేసి, తన భవనములోని పెద్ద శాలను సువార్త కూటములకు తెరచెను. ఆ తరువాత ఆయన సుమారు రెండు సంవత్సరములే జీవించెను. అయినను ఆ కొద్ది కాలములో కుమారులు తండ్రియందలి మార్పును కన్నులార చూచిరి. ఆ ఇంటికి అతిథిగా వచ్చిన ఒక బోధకుడు కైనాస్టన్, జార్జి, ఛార్లెస్ అను ముగ్గురు అన్నదమ్ములతో వేరువేరుగా మాటలాడగా, ఒకరి సంగతి మరియొకరు ఎరుగకయే ముగ్గురును ఒకే దినమున క్రీస్తునందు విశ్వాసముంచిరి.

బూడిద పాత్ర

ఈ ముగ్గురు సోదరులును క్రికెట్ ఆటలో నిపుణులు. 1882, 1883, 1884 సంవత్సరములలో వరుసగా జార్జి, ఛార్లెస్, కైనాస్టన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ జట్టుకు నాయకులైరి. వారిలో ఛార్లెస్ అందరిని మించినవాడు. 1882లోను, 1883లోను ఆయన ఏటేట వేయికి మించిన పరుగులు తీసి, నూరుకు మించిన వికెట్లు పడగొట్టెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండేండ్లయినను లేదా ఇరువది మూడేండ్లయినను మించలేదు.

1882 ఆగస్టు నెలాఖరున లండనులోని ఓవల్ మైదానమున ఇంగ్లాండు, ఆస్ట్రేలియా జట్లు తలపడెను. గెలుపునకు ఇంగ్లాండుకు కావలసినవి 85 పరుగులు మాత్రమే. కాని స్పోఫర్త్ అను బౌలరు ధాటికి జట్టంతయు 77 పరుగులకే కూలిపోయెను. మొదటి ఇన్నింగ్సులో ఒక్క పరుగైనను తీయలేకపోయిన స్టడ్, రెండవ ఇన్నింగ్సులో చివర పంపబడి, ఒక్క బంతినైనను ఎదుర్కొను అవకాశము లేకుండ అవతలి కొనయందు నిలిచియుండగా ఆట ముగిసెను. దేశమంతయు ఎవరి నైపుణ్యమును నమ్ముకొనెనో ఆయన చేతిలో బ్యాటుండియు ఏమియు చేయలేకపోయెను.

కొలది దినములకు ఒక లండను పత్రిక, ఇంగ్లాండు క్రికెట్ మరణించినదనియు, దాని దేహమును దహనము చేసి బూడిదను ఆస్ట్రేలియాకు కొనిపోదురనియు పరిహాసముగా మరణవార్తను ప్రకటించెను. ఆ శీతకాలమున ఐవో బ్లై నాయకత్వమున ఇంగ్లాండు జట్టొకటి ఆ బూడిదను తిరిగి తెత్తుమని ఆస్ట్రేలియాకు ఓడనెక్కెను. ఛార్లెస్, జార్జి ఇద్దరును అందులో నుండిరి. ముందుగా నిర్ణయింపబడిన మూడు ఆటలలో రెండింటిని వారు గెలిచిరి. ఆ యాత్రలో, మెల్‌బోర్న్ సమీపమందలి రూపర్ట్స్‌వుడ్ అను భవనమున కొందరు స్త్రీలు బ్లైకి జానెడైన లేని ఒక మట్టి పాత్రను కానుకగా ఇచ్చిరి. వికెట్లపై నుంచు బెయిల్‌ను కాల్చిన బూడిద అందులో నున్నదని చెప్పుదురు. ఆ పాత్రకు అంటించిన ఒక పత్రికా పద్యములో స్టడ్ సోదరుల పేరును నేటికి చూడవచ్చును. 1927లో బ్లై మరణించిన పిమ్మట ఆయన భార్య దానిని లార్డ్స్ మైదానమునకు చెందిన ఎం.సి.సి. సంఘమునకు అప్పగించెను. నేటికిని రెండు దేశముల జట్లు పోరాడునది ఆ పేరు కొరకే. పరిహాసముగా పుట్టిన పిడికెడు బూడిద, క్రీడాలోకమున అత్యంత గౌరవనీయమైన విజయచిహ్నమాయెను.

మరలిన స్థలము

స్టడ్ కీర్తి శిఖరము నెక్కెను గాని, ఆయన ఆత్మ ఎండిపోయెను. విశ్వాసముంచిన తరువాత సుమారు ఆరు సంవత్సరములు తన రక్షకుని గూర్చి ఎవరికిని చెప్పక మిన్నకుండుటయే ఇందుకు కారణమని ఆయన తరువాత ఒప్పుకొనెను. ఆట మెల్లమెల్లగా ఆయన హృదయమందు దేవుని స్థానము నాక్రమించెను.

1883 చివర జార్జి ప్రాణాపాయమైన జబ్బు పడెను. అన్న పడక ప్రక్కను కూర్చుండిన రాత్రులలో, ఇంతకాలము తాను దేనికొరకు పరుగెత్తెనో దాని విలువ ఎంతయని ఛార్లెస్ తన్ను తాను ప్రశ్నించుకొనెను. మరణము వాకిట నిలిచినప్పుడు పరుగుల లెక్కలును, ప్రజల చప్పట్లును, బూడిద పాత్రయు అక్కరకు రావని ఆయన గ్రహించెను. జార్జి కోలుకొనెను. ఛార్లెస్ మాత్రము పూర్వపు మనుష్యుడు కాలేదు. ఆయన మూడీ కూటమునకు వెళ్లి తన్ను తాను ప్రభువునకు తిరిగి సమర్పించుకొని, తన క్రికెట్ స్నేహితులను ఒక్కొక్కరిగా సువార్త వినుటకు పిలుచుకొనివచ్చెను. గ్రీకులు స్తంభమును నాటిన స్థలము వంటిది ఆయన జీవితమున ఇదే.

1885 ఫిబ్రవరి 5వ తేదీన కేంబ్రిడ్జి సప్తకమని ప్రఖ్యాతి గాంచిన ఏడుగురు యౌవనస్థులలో ఒకడై, హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్‌లాండ్ మిషను పక్షముగా ఆయన చైనాకు ప్రయాణమాయెను. ఇరువది నాలుగేండ్ల వయస్సున, ఆటలో ఉన్నతస్థితి నుండగానే, ఆయన మైదానమును విడిచెను.

ఇచ్చివేసిన ఆస్తి

తండ్రి వీలునామా ప్రకారము ఇరువది యయిదేండ్లు నిండగానే స్టడ్‌కు గొప్ప ఆస్తి సంక్రమించెను. అప్పుడాయన చైనాలో నుండెను. ఆస్తిని దానము చేయుటకు కావలసిన పత్రముపై సంతకము చేయుటకు బ్రిటిష్ కాన్సల్ వెనుదీసి, రెండు వారములు ఆలోచించుమని చెప్పి పంపెను. గడువు ముగియగానే స్టడ్ తిరిగి వచ్చి సంతకము చేయించుకొనెను. 1887 జనవరి 13వ తేదీన ఆయన 25,000 పౌనులకు చెక్కులు పంపెను. అందులో 5,000 మూడీకి, 5,000 బ్రిస్టలులో అనాథ బాలలను పోషించుచున్న జార్జి ముల్లర్‌కు, 5,000 లండనులోని బీదలమధ్య జరుగు సేవకు, 5,000 భారతదేశమందు రక్షణ సైన్యము చేయుచున్న సేవకు వెళ్లెను.

1888లో ఆయన ప్రిసిల్లా స్టువర్టును వివాహమాడెను. తనకు మిగిలిన 3,400 పౌనులను పెండ్లికి ముందు ఆమె చేతికీయగా, ధనవంతుడైన యౌవనునికి ప్రభువు చెప్పినదానిని ఆమె జ్ఞాపకము చేసి, దానినికూడ ఇచ్చివేయవలెనని కోరెను. ఆ దంపతులు ఏమియు లేనివారుగా తమ సంసారమును ప్రారంభించి, నల్లమందుకు బానిసలైనవారికి ఆశ్రయమిచ్చుచు ఉత్తర చైనాలో సేవ చేసిరి. వారి నలుగురు కుమార్తెలు అక్కడనే పుట్టిరి. ఇద్దరు మగబిడ్డలను వారు శైశవముననే పోగొట్టుకొనిరి. ఆరోగ్యము చెడినందున 1894లో వారు స్వదేశము చేరిరి.

నీలగిరులలో

తమ కుటుంబమునకు ధనమిచ్చిన భారతదేశమునకు సువార్త ఋణము తీర్చవలెనని తండ్రి కోరియుండెను. అందుచేత స్టడ్ 1900లో మన దేశమునకు వచ్చెను. 1906 వరకు నీలగిరి కొండలమీది ఊటీలో యూనియన్ చర్చికి కాపరిగా నుండెను. ఉబ్బసము ఆయనను రాత్రులు నిద్రపోనీయలేదు. అయినను తోటల యజమానులు, సైనికులు, ప్రభుత్వోద్యోగులు ఆయన బోధ వినుటకు వచ్చిరి. విడిచిన బ్యాటును ఇక్కడ ఆయన మరల పట్టెను. అయితే ఇప్పుడది ఆయనకు యజమాని కాదు, పనిముట్టు మాత్రమే. సైనికులను చేరుటకు ఆట ఒక ద్వారమాయెను.

కాంగో అరణ్యములలో

1908లో లివర్‌పూలు నగరమున మధ్య ఆఫ్రికాలో సువార్త లేని జాతులను గూర్చిన ప్రకటన నొకదానిని చూచి స్టడ్ కదిలిపోయెను. ఆయన రోగి, ధనహీనుడు, ఏబదియేండ్లకు చేరువైనవాడు. వైద్యులు వద్దనిరి. సహాయము చేయ ఒప్పుకొనిన పెద్దలు వెనుకకు తగ్గిరి. అయినను 1910లో ఆయన ఒంటరిగా ఓడనెక్కెను. 1913లో ఆల్ఫ్రెడ్ బక్స్‌టన్ అను యౌవనునితో బెల్జియన్ కాంగో చేరి సేవ ప్రారంభించెను. అదియే డబ్ల్యు.ఇ.సి. అను మిషనెరీ సంఘమునకు ఆరంభము.

ఈ జయమునకు చెల్లించిన వెల సామాన్యమైనది కాదు. 1916లో కాంగోకు మరలిన తరువాత స్టడ్ ఇంగ్లాండును మరల చూడలేదు. గుండెజబ్బుతో నున్న ప్రిసిల్లా స్వదేశమున ఉండి సంఘపు పనులను నడిపెను. 1928లో ఆమె కాంగోకు వచ్చి సుమారు రెండు వారములు మాత్రమే భర్తతో గడిపి వెళ్లెను. మరుసటి సంవత్సరము ఆమె మరణించెను. వారు మరల కలిసికొనలేదు.

ఆయనయందు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. తాను పనిచేసినంతగా ఇతరులును పనిచేయవలెనని పట్టుబట్టి, అలసినవారిపట్ల ఆయన కఠినుడాయెను. ఆయన వ్రాసిన ఒక చిన్న పుస్తకపు భాష అనేకులను నొప్పించెను. నొప్పులకు వైద్యులిచ్చిన మార్ఫియా విషయమైయు విమర్శలు కలిగెను. తన కుమార్తె ఈడిత్‌ను, ఆమె భర్తయు తన తొలి సహచరుడునైన బక్స్‌టన్‌ను సంఘమునుండి తొలగించెను. బూడిద పాత్రను సునాయాసముగా విడిచిన చేతులకు తన అభిప్రాయమును విడుచుట కష్టమాయెను. లోకములోని శత్రువు మరలినను, మనలోని శత్రువుతో పోరాటము కడవరకు సాగునని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది.

సమాధియను చిహ్నము

1928లో ఆయన అన్న కైనాస్టన్ లండను నగరమునకు లార్డ్ మేయరాయెను. 1930లో బూడిద పాత్రను కాపాడు ఎం.సి.సి. సంఘమునకు అధ్యక్షుడాయెను. కైనాస్టన్ కూడ ప్రభువును ప్రేమించినవాడే. దేవుడు ఒకనిని పట్టణములో ఉంచెను, మరియొకనిని అడవికి పంపెను. ఆ దినములలోనే ఛార్లెస్ ఇబాంబీ గ్రామమున వెదురుతో కట్టిన ఇంటిలో, పళ్లు ఊడి, దేహము కృశించి, ఆఫ్రికా భాషలోనికి లేఖనములను అనువదించుచు, గంటల తరబడి బోధించుచు నుండెను. 1931 జూలై 16వ తేదీన, ఏబది సంవత్సరములకు ముందు మైదానమున విరామమెరుగని ఆ మనుష్యుడు స్తోత్రము చేయుచు విశ్రమించెను. ఆయన సువార్త చెప్పిన ఆఫ్రికా విశ్వాసులు అనేకులు చేరి అక్కడనే ఆయనను పాతిపెట్టిరి.

పూర్వము రోమా నగరమున గాయు అను క్రైస్తవుడు, పేతురు పౌలుల సమాధి స్థలములను గూర్చి వ్రాయుచు, వాటిని త్రోపయోనులని పిలిచెను. లోకము వాటిని ఓటమి గురుతులనుకొనెను. సంఘము వాటిని జయస్తంభములుగా ఎంచెను. లార్డ్స్ మైదానమున గాజు పెట్టెలో భద్రపరచబడిన చిన్న మట్టి పాత్ర ఒకటి, ఇబాంబీ మట్టిలో కలిసిన దేహము ఒకటి. రెండింటిలోను స్టడ్ పేరున్నది. మరలిన స్థలమును సూచించునది ఏదో చదువరి గుర్తింపగలడు.