పావురాల తుపాకీ నేర్పే రక్షణ పాఠం

మాటులో ఇరుకుగా కూర్చుని పావురాలను వేటాడేవారు సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను ఎందుకు ఎంచుకుంటారు? తుపాకీ విరిచి తూటా ఎక్కించే పని తరచూ ఉండదు, భుజానికి తన్నూ తక్కువ. ఆ కారణం వెతుకుతుంటే నాకు ఎదురైన పేరు జాన్ బ్రౌనింగ్.

ఆయన 1855లో అమెరికాలోని ఆగ్డెన్‌లో తుపాకులు చేసే ఇంట పుట్టారు. పేలినప్పటి తన్నుతోనే తర్వాతి తూటా ఎక్కే ఆటో-5ను రూపొందించారు. రాయల్టీకి విన్‌చెస్టర్ ఒప్పుకోలేదు. 1902లో రెమింగ్టన్ అధిపతిని కలవడానికి వెళ్లి ఎదురుచూస్తుండగానే, ఆ పెద్దమనిషి గుండెపోటుతో మరణించారు. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం చేరారు. ఎఫ్‌ఎన్ సంస్థ తయారీకి పూనుకుంది. 1926లో ఆ సంస్థ కర్మాగారంలోనే ఆయన కన్నుమూశారు.

ఆయన మొదలుపెట్టిన పిస్టల్‌ను ఎఫ్‌ఎన్ ఇంజినీర్లు 1935 నాటికి పూర్తిచేశారు. దాని రూపమే మన ఇషాపూర్‌లో తయారై సైన్యానికి అందింది. రాయల్టీ దగ్గర బిగించిన పిడికిలి మేధావినే పరాయి దేశానికి పంపుతుంది. ఆయుధాల్లో స్వావలంబన కోరుకునే మనం ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే.