హయాత్ బక్షీ బేగము

పూర్వము గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు ఒక పెద్ద బాట యుండెను. వజ్రములును, నూలువస్త్రములును ఆ బాటవెంట రేవు చేరుచుండెను. పారసీకపు గుఱ్ఱములు ఆ బాటవెంటనే రాజధానికి వచ్చుచుండెను. తూర్పునుండి వచ్చు బాటసారికి పెద్ద అంబర్‌పేట దాటిన పిమ్మట హయాత్‌నగరము కనబడును. ఆ యూరు ఒక రాణిపేర వెలసినది.

హయాత్ బక్షీ బేగము హైదరాబాదు నగరనిర్మాతయగు మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు ఏకైక పుత్రిక. తండ్రి తన సోదరుని కుమారుడైన మహమ్మదునకు ఆమె నిచ్చి వివాహము చేసెను. 1612లో మహమ్మదు సుల్తానయ్యెను. 1626లో అతడు మరణింపగా, పండ్రెండేండ్లైనను నిండని కుమారుడు అబ్దుల్లా సింహాసన మెక్కెను. బాలుని పేర రాజ్యభారము వహించినది తల్లియే. జనులు ఆమెను మా సాహెబా యని గౌరవముతో పిలిచెడివారు.

హయాత్‌నగరమున ఎత్తైన అరుగుపై మసీదును, దానిచుట్టు బాటసారులు విడియుటకు సరాయి గదులును, చేరువనే ఏనుగుల బావి యను పెద్ద బావియు గలవు. దక్షిణ అమెరికాలో ఇంకా ప్రభువులును తమ కొండబాటల వెంట తంబో లను విడిదిండ్లు కట్టించిరి. నాడెల్ల ఎండలో బండ్లు తోలుకొనివచ్చిన వర్తకునకు నీరు, నీడ, దొంగల భయములేని రాత్రి దొరకిన చాలదా?

1656లో గోలకొండకు ఘోరమైన ఆపద వాటిల్లెను. మంత్రి మీర్ జుమ్లా మొగలాయీల పక్షము చేరెను. అతని కుమారుని అబ్దుల్లా చెఱబట్టుట వారికి సాకయ్యెను. ఔరంగజేబు కుమారుడు మహమ్మద్ సుల్తాను సేనతో హైదరాబాదుపై బడగా, అబ్దుల్లా కోటలో దాగెను. నగరము కొల్లవోయెను. పిదప ఔరంగజేబే వచ్చి కోటను ముట్టడించెను. అతనికి గావలసినది ధనము కాదు, రాజ్యమే.

అప్పుడా వృద్ధమాత కోట వెడలి శత్రుశిబిరమునకు బోయెను. కుమారుడు పోజాలని చోటికి తల్లి పోయెను! కుమారుని క్షమింపుమని ఆమె ఔరంగజేబును వేడుకొనెను. కోటి రూపాయలు చెల్లించుటకును, మనుమరాలిని మహమ్మద్ సుల్తానున కిచ్చుటకును అంగీకరించెను. ఆ పిల్ల మనసు ఎవ్వరును అడిగినట్లు లేదు. ఇంతలో ముట్టడి మానుమని ఢిల్లీనుండి షాజహాను ఆజ్ఞయు వచ్చెను. మార్చి నెలాఖరున సేనలు మరలెను, రాజ్యము నిలిచెను.

1667లో ఆమె కన్నుమూసెను. గోలకొండ చెంత కుతుబ్‌షాహీల సమాధుల నడుమ ఆమె సమాధి యున్నది. మఱి యిరువదియేండ్లకు, 1687లో, ఔరంగజేబు మరల వచ్చి గోలకొండను గైకొనెను. ఈ మాఱు అతనికి ఎదురేగి మాటాడుటకు ఆ తల్లి లేదు.