గుమ్మం బయటి ఆరాధన

మందిరంలోకి రానివ్వని వారి ప్రార్థనను దేవుడు ఆలకిస్తాడా? అమెరికా సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ కూర్చిన ఒక స్వరరచన మనల్ని అడిగే ప్రశ్న ఇదే.

ఆయన 1899లో వాషింగ్టన్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో తల్లి డైసీ బాప్టిస్టు చర్చికి, తండ్రి మెథడిస్టు చర్చికి తీసుకెళ్లేవారు. పెద్దయ్యాక న్యూయార్క్ చేరి జాజ్ బ్యాండుకు నాయకుడయ్యారు. 1927 నుంచి కాటన్ క్లబ్బులో వాయించారు. రేడియో ద్వారా ఆయన పేరు దేశమంతా మారుమోగింది. కానీ ఆ క్లబ్బులో వేదిక మీద నల్లవారు, కింద కూర్చుని వినేది తెల్లవారు!

1943 జనవరి 23న న్యూయార్క్ కార్నెగీ హాలులో ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బీజ్’ అనే రచనను ఆయన వినిపించారు. అమెరికాలో తన ప్రజల చరిత్రను సుమారు 45 నిమిషాల సంగీతంగా మలిచారు. అందులో ఒక భాగం ‘కమ్ సండే’. ఆదివారం తెల్లవారి చర్చి బయట నిలబడి, లోపలి ఆరాధనను వింటూ, తమలో తామే దేవుణ్ణి స్తుతించుకునే బానిసల దృశ్యమది. అందులో మాటల్లేవు. జానీ హాడ్జెస్ శాక్సఫోనే వారి ప్రార్థన.

విమర్శకులు పెదవి విరిచారు. ఎల్లింగ్టన్ నొచ్చుకున్నారు. ఆ తర్వాత ఎక్కువగా కొన్ని భాగాలనే వాయిస్తూ వచ్చారు. అయినా ‘కమ్ సండే’ను వదల్లేదు. 1958లో దాన్ని మాటలతో మహాలియా జాక్సన్ చేత పాడించారు. నైట్ క్లబ్బుల్లో పాడనని పట్టుబట్టిన సువార్త గాయని ఆమె.

1965 సెప్టెంబరు 16న శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథడ్రల్‌లో ఆయన తొలి పవిత్ర సంగీత కచేరీ జరిగింది. చర్చి బయట నిలబడ్డవారి పాట 22 ఏళ్లకు మందిరంలోకి వచ్చింది. అయితే మరుసటి ఏడాది ఆయన సొంత ఊరు వాషింగ్టన్‌లో అలాంటి కచేరీకే బాప్టిస్టు పాస్టర్ల సంఘం మద్దతు నిరాకరించింది. నైట్ క్లబ్బుల సంగీతకారుడన్నది వారి అభ్యంతరం. బానిసలను బయట నిలబెట్టింది వారి రంగు. ఈయన్ను బయట నిలబెట్టింది ఆయన వృత్తి.

ఆయన వెనుదిరగలేదు. 1968లో న్యూయార్క్‌లో, 1973లో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబేలో మరో రెండు పవిత్ర కచేరీలు సమర్పించారు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1974 మే 24న కన్నుమూశారు. న్యూయార్క్ సెయింట్ జాన్ కెథడ్రల్‌లో జరిగిన అంత్యక్రియలకు పది వేల మందికి పైగా వచ్చారు.

దూరంగా నిలిచిన సుంకరి ప్రార్థనను దేవుడు అంగీకరించాడని లూకా సువార్త 18వ అధ్యాయంలో చదువుతాం. చదివిన మనమే ఎవరినో గుమ్మం బయట ఆపుతున్నామేమో! లోపల మన పాట ఎంత బిగ్గరగా సాగినా, దేవుని చెవి బయట నిలబడ్డవారి వైపు కూడా ఉంటుంది.