రెక్కలు మడిచిన ఇంజనీరు: ఓటో లిలియెంతాల్

రెండు మీటర్ల రెక్క ఉన్న మోడల్ విమానాన్ని ఎల్లంతకుంట నుంచి కరీంనగర్‌కు ఆర్టీసీ బస్సులో తీసుకుపోవాలంటే ఎట్లా? రెక్క విప్పేలా చేస్తే బస్సెక్కుతుంది. కానీ విప్పిన చోటే విరుగుతుందేమోనని భయం. గాలి రెక్క పొడవునా పైకి నెడుతుంది కాబట్టి బెండింగ్ మూమెంట్ మొదలు దగ్గరే ఎక్కువ. ఈ చిక్కును మనుషులు ఎగిరే రెక్కల్లోనే విప్పిన మనిషి ఓటో లిలియెంతాల్.

1848 మే 23న జర్మనీలోని ఆంక్లాంలో పుట్టాడు. నాన్న బట్టల వ్యాపారి. చిన్నప్పుడు తమ్ముడు గుస్తావ్‌తో కలిసి కొంగలు ఎగరడం చూస్తూ, సొంత రెక్కలు కట్టుకుని ఎగరబోయేవాడు. పెద్దయ్యాక మెకానికల్ ఇంజనీరై, బెర్లిన్‌లో బాయిలర్లు, ఆవిరి యంత్రాలు చేసే ఫ్యాక్టరీ పెట్టాడు. లాభంలో పనివాళ్లకూ వాటా ఇచ్చాడు.

ఎగరాలనే పిచ్చి మాత్రం పోలేదు. ఏళ్ల తరబడి కొలతలు తీసి, చదును రెక్క కన్నా వంపు రెక్కే మేలని తేల్చి, 1889లో పుస్తకం రాశాడు. 1891 నుంచి తానే గ్లైడర్లలో ఎగిరాడు. 1894లో బెర్లిన్ దగ్గర 15 మీటర్ల మట్టిగుట్ట పోయించి, దాని మీద నుంచి దూకేవాడు. మొత్తం దాదాపు 2000 సార్లు ఎగిరాడు. ఎక్కువలో ఎక్కువ దూరం 250 మీటర్లు.

ఆయన మామూలు గ్లైడర్ రెక్క 6.7 మీటర్లు, బరువు 20 కిలోలే. విల్లో కర్రలు, పైన నూలు బట్ట. కర్రలు గబ్బిలం వేళ్లలాగా మొదలు నుంచి విచ్చుకుంటాయి, పని అయ్యాక వెనక్కి మడుచుకుంటాయి. అసలు తెలివి ఇక్కడుంది: మడత దగ్గర కర్ర తిరుగుతుంది అంతే. తెరిచాక పైనా కిందా బిగించిన తీగలు గాలి బలాన్ని పంచుకుంటాయి. అంటే బరువంతా మడత మీద పడనియ్యలేదు. దీని మీద 1893లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ గ్లైడర్లను అమ్మాడు కూడా. రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ, బ్రిటన్ ఇంజనీరు పిల్చర్ కొన్నారు.

1896 ఆగస్టు 9న స్టోల్న్ ఊరి గుట్ట మీద ఎగురుతుండగా గాలి తెర తగిలి గ్లైడర్ స్టాల్ అయ్యింది. దాదాపు 15 మీటర్ల పైనుంచి పడి మెడ ఎముక విరిగింది. మర్నాడు బెర్లిన్‌లో చనిపోయాడు. వయసు 48. కూల్చింది రెక్క మడత కాదు. ఒళ్లు అటూ ఇటూ ఊపి మాత్రమే దారి మళ్లించే పద్ధతి ఆ గాలికి సరిపోలేదు. ఆ వార్త చదివే రైట్ సోదరులు విమానాల గురించి గట్టిగా ఆలోచించారు, కంట్రోల్ మీదనే పట్టుబట్టారు.

మన మోడల్‌కూ ఇదే లెక్క. బెండింగ్ మోసేది రెండు రెక్కల్లోకీ లోతుగా దూరే కార్బన్ ట్యూబ్ కావాలి. చిన్న పిన్ను రెక్క జారకుండా, తిరగకుండా ఆపితే చాలు. జాయింట్ ఆగింది కదా అని అక్కడితో ఆపొద్దు. సెంటర్ ఆఫ్ గ్రావిటీ, కంట్రోల్స్ కూడా చూసుకున్నాకే గాల్లోకి వదలాలి.